మార్పుకు కారణం

మా ఆవిడ పోయాక బావమరిదితో మాట మానేశాను. వాడు పంపినవేవీ తెరిచి చూడలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కూతురితో కబురు పెడితే విననట్టు కూర్చున్నాను. ఆ మొండితనం ఎంతకు తెచ్చిందో చెప్తాను.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. ఆవిడ బట్టలు కుట్టేది. ఇంటి ముందుగదిలో ఇద్దరిదీ ఒకటే కొట్టు, మధ్యలో కర్టెన్. అటు ఆవిడ గిరాకీ, ఇటు నా నూనె మరకలు. ఊళ్లో బడి ఎంతవరకుంటే అంతవరకే చదివాను. ఆవిడా అంతే. కాకపోతే ఆవిడకు రాసే పిచ్చి ఉండేది. పాత మిషన్లు విప్పి బిగించడం తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారని, తెలిసినదంతా ఎక్కడైనా రాసిపెట్టాలని నా ప్రాణం తీసింది. తమ్ముడు కంప్యూటర్ల పనిలో ఉన్నాడు కదా, వాడి చేత ఒక సైటు పెట్టించింది.

ఆ సైటులో గారడీ ఏమీ లేదు. ఒక్కో పేజీ ఒక మామూలు రాత ఫైలు. షటిల్ విప్పడం ఒక ఫైలు, సూది ఎక్కించడం ఒక ఫైలు. ఫైళ్లన్నీ నెట్‌లో ఒక ఉమ్మడి చోట ఉంటాయి. దాన్ని రిపో అంటారు. మెకానిక్కులు, దర్జీలు ఎవరైనా అందులో మార్పు రాసి పంపవచ్చు. ఇంకొకరు చూసి సరేనంటే అది సైటు మీదికి వెళ్తుంది. పంపేటప్పుడు 'మార్పుకు కారణం' అని ఒక గడి ఉంటుంది. అందులో ఒక ముక్క రాయాలి. ఆ ముక్క పేజీ మీద కనబడదు. వెనకాల చరిత్రలో, రాసినవాళ్ల పేరుతో, ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ ఉంటుంది.

మిగతావాళ్లు ఆ గడిలో 'సరిచేశాను' అనో 'ఫోటో పెట్టాను' అనో రాసేవాళ్లు. బెల్టులమ్మే ఆయనైతే ఒక చుక్క పెట్టి ఊరుకునేవాడు. మా ఆవిడ మాత్రం పక్కింటావిడతో గోడ మీంచి మాట్లాడుతున్నట్టు రాసేది.

'నూనె చుక్కల్లో వేయాలని రాశాను. మా ఇంటాయన సీసా వంచేస్తారు. ఆయన్ని చూసి నేర్చుకోకండి.'

'సూది బొమ్మ తలకిందులుగా ఉంది. ఇన్నాళ్లూ ఎవరూ అనలేదంటే ఎవరూ చూడట్లేదన్నమాట. బాగుంది మన సంబడం.'

'మరమేకు అన్న చోట స్క్రూ అని మార్చాను. మరమేకు అంటే మా అమ్మాయి నవ్వింది.'

బతికుండగా నాకివి తెలియవు. నేను నోటితో చెప్పడమే, రాసేది ఆవిడ. పోయిన తర్వాత ఒకరోజు షటిల్ పేజీ తెరిచి, వేలు తగిలి చరిత్రలోకి వెళ్లాను. అక్కడ ఆవిడ గొంతు. కొన్నిటికి మించి చదవలేకపోయాను. మూసేశాను. ఎక్కడికి పోతాయిలే, కొంచెం కొంచెంగా చదువుకుందాం అనుకున్నాను. మిఠాయి దాచుకున్న పిల్లాడిలాగా.

బావమరిది సంగతి కూడా చెప్పాలి. అక్క ఆస్పత్రిలో ఉంటే రాలేదు. రోజూ 'రేపొస్తా' అన్నాడు. ఆఫీసులో ఏదో ఆగిపోయిందట, వాడు లేకపోతే నడవదట. ఆవిడ తలుపు వైపు చూసేది. వాడు వచ్చేసరికి చూడటానికేమీ మిగల్లేదు. గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. లోపలికి రమ్మనలేదు.

ఆ తర్వాత సైటు బరువెక్కిపోయింది. బెల్టులాయన పెద్ద పెద్ద వీడియోలు తెచ్చి రిపోలో పడేశాడు. ఒకసారి పడ్డవి తర్వాత తీసేసినా చరిత్రలో ఉండిపోతాయట. ఇంత బరువు మోయలేమని సైటును ఉంచుకునే కంపెనీవాళ్లు నోటీసిచ్చారు. బావమరిది అందరికీ రాశాడు: ఇప్పుడున్న ఫైళ్లు మాత్రం తీసుకుని రిపో కొత్తగా మొదలుపెడతాను, పాత చరిత్ర తీసేస్తాను, ఎవరికైనా కావాలంటే వారంలో చెప్పండి.

వారం అన్న గడువు మా ఆవిడ పెట్టిందే. మెకానిక్కులకు చేతినిండా నూనె, జవాబు రాసే అలవాటు లేదు. వాళ్ల కోసం కూర్చుంటే ఏ పనీ సాగదని, పెద్ద మార్పు ఏదైనా వారం ముందు చెప్పాలి, వద్దని ఎవరూ అనకపోతే ఒప్పుకున్నట్టే అని నియమం రాసింది.

అమ్మాయి ఆ వారంలోనే కొట్టు దగ్గరికి వచ్చింది.

"నాన్నా, మామయ్య సైటు గురించి ఏదో రాశాడట. నువ్వు చూడాలట."

"చూడను."

"చూస్తే కళ్లు పోతాయా?"

"పోతాయి."

"అమ్మ సైటు నాన్నా అది."

"అమ్మ కోసం రానివాడికి అమ్మ సైటెందుకు? ఆ స్క్రూడ్రైవర్ ఇటియ్యి."

ఇచ్చి వెళ్లిపోయింది. దానికీ విషయం పూర్తిగా తెలియదు, ఏదో రిపేరనుకుంది.

చాలా రోజుల తర్వాత ఒకావిడ తన అత్తగారి మిషను తెచ్చింది. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. విప్పి కిరసనాయిల్లో వేసి, నానేదాకా పని లేక ఫోన్ తీశాను. ఆరోజు ఎందుకో ధైర్యంగా ఉంది. చదువుదాం అనుకుని చరిత్ర నొక్కాను.

ఒకటే వరుస ఉంది. 'కొత్త మొదలు.' పక్కన బావమరిది పేరు.

ఇంకో పేజీ తెరిచాను. కొత్త మొదలు. సూది పేజీ, బాబిన్ పేజీ, బెల్టు పేజీ. అన్నిటికీ అదే. పేజీల మీద ఆవిడ రాసిన మాటలు ఉన్నాయి. అవి ఎవరైనా రాయగలిగేవి. ఆవిడ మాత్రమే రాయగలిగినవి లేవు.

ఫోన్ చేశాను. అంత్యక్రియల తర్వాత వాడికి చేయడం అదే మొదలు.

"బావా?" అన్నాడు. నమ్మలేనట్టు.

"ఏం చేశావురా మీ అక్క రాతల్ని?"

అర్థమైంది వాడికి. "నీకు చెప్పాను బావా. రాశాను, ఫోన్ చేశాను, అమ్మాయితో చెప్పించాను. ఒక్కసారి వద్దంటే చాలు, ఆపేద్దామని చూశాను."

"నేను వద్దంటే తప్ప నీకు తెలియదా? తోడబుట్టినవాడివి కదా."

"తెలుసు. అందుకే ఒక కాపీ దాచాను. ఆఫీసు లాప్‌టాప్‌లో. ఉద్యోగం మారాను. అది వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది, తీసుకోగానే వాళ్లు అంతా చెరిపేస్తారు. ఇచ్చే ముందురోజు కూడా నీకు చేశాను. అడిగి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడదామని."

"పెన్‌డ్రైవ్ కొనడానికి గతి లేకపోయిందా?"

"లేకపోలేదు. కోపమొచ్చింది. ఎత్తని ఫోన్ ఎన్నిసార్లు చేయను బావా? ఆయనకే అక్కర్లేనప్పుడు నాకెందుకు అనుకున్నాను."

తిడదామని నోరు తెరిచాను. వాడు ముందే అన్నాడు.

"అక్క లాప్‌టాప్ ఉందా?"

ఉంది. ఆవిడ కత్తిరింపుల బల్ల సొరుగులో, కొలతల టేపు చుట్టి ఆవిడ పెట్టినట్టే ఉంది. నేను ముట్టుకోలేదు.

"అందులో కూడా పూర్తి కాపీ ఉంటుంది. చరిత్రతో సహా. కాపీ దించుకున్నవాళ్ల దగ్గర మొత్తం ఉంటుంది, అదే ఈ పద్ధతిలో ఉన్న సుఖం. మిగతావాళ్లు నేరుగా నెట్‌లోనే రాస్తారు, దించుకున్నది అక్కా నేనే. కానీ దాన్ని నెట్‌కి కలపొద్దు. ఏదీ నొక్కొద్దు. కొత్తది వచ్చి పాతదాని మీద కూర్చుంటే తీయడం కష్టం. నేను వస్తాను."

"నువ్వు రానక్కర్లేదు. అమ్మాయి చేస్తుంది."

"దానికి రాదు బావా."

"నేర్చుకుంటుంది."

పెట్టేశాను. అమ్మాయిని పిలిచాను. అది లాప్‌టాప్ తెరిచి, నల్లటి తెర మీద ఏవో చూసి, చేతులు వెనక్కి తీసుకుంది.

"నా వల్ల కాదు నాన్నా. పొరపాటున చెరిపేశాననుకో, జన్మంతా నువ్వు నన్నూ ఇలాగే చూస్తావు. మామయ్యను పిలువు."

"ఇంట్లోకి రానివ్వను."

"అయితే ఆ రాతలు కూడా ఇంట్లోకి రావు. నీ ఇష్టం."

అది అచ్చం వాళ్లమ్మ గొంతుతో అన్నది. మిషన్ మీద దుమ్ము తుడిచాను. ఇంకోసారి తుడిచాను. తర్వాత, "రమ్మను," అన్నాను.

మర్నాడు పొద్దున వచ్చాడు. సన్నబడ్డాడు. చెప్పులు విప్పి గుమ్మంలోనే ఆగాడు. అమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఆవిడ స్టూలు మీద కూర్చోబోయి నా వంక చూశాడు. నిలబడే పని మొదలుపెట్టాడు. చివరికి నేనే ఇంకో స్టూలు తోశాను.

వాడి పని వాడికి వచ్చు, కాదనను. పాత చరిత్రను కొత్తదాని కింద అతికించాలట, వీడియోల బరువు మాత్రం తీసేసి. మధ్యాహ్నానికి తెర మీద వరుసలు కదిలాయి. మా ఆవిడ పేరు. మళ్లీ మా ఆవిడ పేరు. అమ్మాయి పైకి చదవబోయింది. వద్దన్నాను. తెర నిండా ఆవిడ పేరుంటే చాలనిపించింది.

పైకి చూసుకుంటూ వెళ్లాను. ఆస్పత్రిలో చేరడానికి ముందు ఆగిపోయింది. ఆ పైన వెంటనే 'కొత్త మొదలు.'

"మిగతావేవి?"

వాడు తల దించుకున్నాడు. "ఆస్పత్రికి లాప్‌టాప్ తీసుకెళ్లలేదు కదా బావా. అక్కడ ఫోన్‌లోంచి నేరుగా రిపోలో రాసేది. అవి ఇందులోకి రాలేదు."

"అంటే?"

"అంటే నా ఆఫీసు లాప్‌టాప్‌తోనే పోయాయి."

కొత్త ఉద్యోగం బట్టలు, ఇస్త్రీ చేసిన చొక్కా. ఆ కాలర్ పట్టుకుని బయటికి తోయాలనిపించింది. కానీ ఫోన్ మోగుతుంటే బల్ల మీద బోర్లా తిప్పి పెట్టింది నేనే. అది కూడా కళ్ల ముందుంది.

"ఆస్పత్రి నుంచి కూడా రాసిందా?" అంది అమ్మాయి.

"దాదాపు రోజూ. చిన్నచిన్నవి. సరేనని ఒప్పుకునేది నేనే."

"అంటే చదివావు," అన్నాను.

"చదివాను."

"రావడానికి తీరలేదు గానీ చదవడానికి తీరిందన్నమాట."

"తీరింది బావా." దాచుకోలేదు. "రాసినన్నాళ్లూ బాగానే ఉందనుకున్నాను. రోజూ మార్పు వస్తోంది కదా, ఇంకా టైముందిలే అని."

నేనూ ఎక్కడికి పోతాయిలే అని ఆవిడ రాతలు మూసిపెట్టినవాణ్ణి.

"ఏం రాసిందో చెప్పు."

"పొడి బట్టతో తుడవాలన్న చోట మెత్తటి పాత బట్ట అని మార్చింది. కారణం... నర్సు ఎవరో మెత్తటి బట్టతో ముఖం తుడిచిందట, ఎంత హాయిగా ఉందో అని." కనుబొమలు ముడిచాడు. "హాయిగా ఉందనా, తేడా తెలిసిందనా... ఏదో అలా."

"అది ఆవిడ మాటా, నీ మాటా?"

"ఇప్పుడు తెలియట్లేదు."

"ఇంకా?"

ఇంకొకటి మొదలుపెట్టి సగంలో ఆపేశాడు. మొత్తం గుర్తుకు రాలేదు. అమ్మాయి కర్టెన్ అవతలికి వెళ్లింది.

"గుర్తున్నంత వరకు నేను రాసి మధ్యలో పెడతాను బావా. ఖాళీగా ఉండకుండా."

"ఆవిడ రాయనిది ఆవిడ పేరున పెట్టకు."

"నా పేరునే పెడతాను."

"నీ పేరున అయితే ఏం జరిగిందో రాయి. గుర్తున్నట్టు నటించకు."

కారణం గడిలో టైపు చేశాడు: 'ఇక్కడ అక్క ఆస్పత్రి నుంచి పంపిన మార్పులు ఉండేవి. నేను తీసేశాను.' పంపబోతున్నాడు.

"ఆగు," అన్నాను. "పూర్తి కాలేదు. 'బావను అడిగాను, ఆయన జవాబివ్వలేదు' అని కూడా రాయి."

"వద్దులే బావా. అందరూ చూస్తారు."

"చూడనీ."

రాశాడు. ఇంకొకరు ఒప్పుకోవాలి కాబట్టి లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాను, ఒక్క ముక్క వదలకుండా. సరే నొక్కాను.

వాడు లేచి, "అప్పుడప్పుడు రానా?" అన్నాడు.

"సైటు పనుంటే రా."

వెళ్లాడు. నేను క్షమించలేదు, వాడూ అడగలేదు. పనుంటే వస్తున్నాడు, చేసి వెళ్తున్నాడు. వాడు పంపిన ప్రతిదీ ఇప్పుడు అదేరోజు తెరిచి చదువుతున్నాను.

కొట్టులో గిరాకీ లేనప్పుడు పాత చరిత్ర తీస్తాను. అడుగు నుంచి మొదలుపెట్టి ఆవిడతోపాటు పైకి వస్తాను. ఆవిడ నవ్విస్తుంది, దెప్పుతుంది, బెల్టులాయన్ని వెక్కిరిస్తుంది. ఆవిడ మాటలు అయిపోయి నాదీ బావమరిదిదీ సంగతి వచ్చేచోట ఆపేస్తాను. ఆ పైకి వెళ్లబుద్ధి కాదు.