అప్పగింత కాగితంలో లేని ఆవిడ

నూబియా చపార్రో కేసు ఓడగొట్టింది మీరే, డాక్టర్ ఉర్దనేతా. మీరూ, పేరు లేని పనంతా ఆడవాళ్ల మీదికి తోసి అసలది పనే కాదనే మీ లాయర్ల ఆఫీసూ. తప్పులో నా వంతు నాకుంది. అదీ చెబుతాను.

ఆదివారం పులుసుకి బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను. నూబియా ఫోను. లాయర్లందర్నీ పిలిచినట్టే నన్నూ డాక్టోరా అంటుంది.

"డాక్టోరా, ఒంట్లో బాగాలేదా? శుక్రవారం విచారణకి మీరు రాలేదు. మీ లాయరేదమ్మా అన్నారు జడ్జిగారు. వస్తారండీ, ట్రాఫిక్‌లో ఉండుంటారు అన్నాను. ఫోన్లో జరిగే విచారణకి ట్రాఫిక్కేమిటమ్మా అని నవ్వారాయన. సాక్షుల్ని అడిగేవాళ్లు లేక కేసు కొట్టేశారు. ఆ రోజే ఫోన్ చేద్దామనుకున్నాను. మీకు పనులుంటాయని ఆగాను."

బొగోతా పక్కన గులాబీ తోటల్లో పద్నాలుగేళ్లు కత్తెర పట్టిన మనిషి. వేళ్లు తిమ్మిరెక్కి పట్టు జారిపోతే కంపెనీ వెళ్లగొట్టింది. ఆవిడ అడిగింది ఒక్కటే, మళ్లీ పనిలోకి తీసుకోమని. ఒక్క మాట తిట్టలేదు నన్ను. తిట్టినా బాగుండేది.

"ఆదివారం కూడానా? పెద్ద కంపెనీల టీమ్‌కి మారింది, ఇప్పుడు అసలు లాయరైందని అమ్మకి గొప్పలు చెప్పుకున్నాను" అన్నాడు నా భర్త ఫాబియాన్, పేపర్లోంచి తలెత్తకుండా. "అంత మందంగా తీస్తే దుంపేం మిగులుతుందే అమ్మాయ్" అంది అత్తగారు. మర్చిపోయానమ్మా అని నూబియాతో చెప్పి ఫోను పెట్టేశాను.

కార్మిక చట్టం టీమ్‌లో పదకొండు నెలలు చేశాను. మన ఫీజుల కేసులన్నీ యజమానుల తరఫునే. ఆఫీసు పరువుకి ఏడాదికి నాలుగు ఉచిత కేసులు. అవి మాత్రం ఆడవాళ్లకే. "మీకు మనసుంటుంది కదమ్మాయ్" అనేవారు మీరు. కాఫీలూ, పుట్టినరోజు కేకులూ, కొత్తగా చేరిన వాళ్లకి ఫైళ్లు నేర్పడమూ ఆ మనసు ఖాతాలోనే. మూడుసార్లు అడిగితే కంపెనీల కొనుగోళ్ల టీమ్‌లోకి పంపించారు. పంపుతూ ఏమన్నారో గుర్తుందా? "వెళ్లు. ఆ ఏడుపు కేసులు మాత్రం వెంటేసుకుపోకు."

టీమ్ మారేటప్పుడు నేను నింపిన అప్పగింత కాగితంలో మొదటి గడి క్లయింటు నంబరు. ఉచిత కేసులకి నంబరుండదు.

సోమవారం పొద్దున్నే నా ఫైళ్లు తీసుకున్న సెబాస్తియాన్ దగ్గరికెళ్లాను. కోర్టు పంపిన విచారణ లింకు అతని తెరమీద, టీమ్ మెయిల్లో తెరవకుండా పడుంది. ఆ మెయిలు నాకిప్పుడు తెరుచుకోదు.

"లిస్టులో లేదు డాక్టోరా. మీరు రాసిందే, చూడండి."

"మెయిలు మీద నూబియా పేరు చూసైనా నన్నడగొచ్చుగా."

"మీ ఆడవాళ్ల కేసేదో అనుకున్నాను."

కాగితం అతని మాటే నిజమంటోంది. ఆ కాగితం ఇచ్చిన రోజే నేను సెక్రటరీ మారిత్సాకి పుట్టినరోజుల జాబితా కూడా అప్పగించాను. మూడు పేజీలు. మీకు బాదం పడదని ఎర్రసిరాతో గీత కూడా గీశాను.

మర్చిపోయానని ఆదివారం ఆవిడతో అన్నాను. అబద్ధం. ఆ కాగితం నింపుతున్నప్పుడు నూబియా గుర్తొచ్చింది. కింద ఖాళీలో రాద్దామని పెన్ను కూడా పెట్టాను. రాస్తే మీ మొహం ఎలా మారుతుందో తెలుసు, "ఇంకా అక్కడే ఉన్నావా" అంటారనీ తెలుసు. ఎవరో చూస్తారులే అనుకున్నాను. మీరు నా మీదికి తోసినట్టే నేనూ గాల్లోకి తోశాను. మీ దగ్గర నేర్చుకున్న మొదటి అసలు విద్య అదే. సిగ్గుతో నాకు అన్నం దిగడం లేదు, మీకు దిగుతోందేమో తెలియదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. కూలీ పూర్తిగా ఓడిపోతే, ఎవరూ అడక్కపోయినా పై కోర్టు ఆ తీర్పు తిరగేసి చూస్తుంది. వాదన రాసివ్వడానికి ఐదు రోజులిస్తారు. వకాల్తా ఇంకా నా పేరునే ఉంది, నేనే రాస్తాను. ఇంట్లో దొంగచాటుగా కాదు, ఆఫీసు వేళల్లో, ఆఫీసు పనిగా. కొత్త టీమ్‌లోంచి కదలను. ఆవిడనీ వదలను. ఉచిత కేసులకి రేపటినుంచి నంబర్లివ్వండి, మగవాళ్లకీ పంచండి. ఇవాళ మాత్రం దీనికి జతచేసిన ఉత్తరం చదవండి. విచారణకి రానిది ఆవిడ లాయరు, తప్పు ఈ ఆఫీసుది, ఆవిడది కాదు అని పై కోర్టుకి రాశాను. కింద రెండు సంతకాలకి చోటుంది. నాది పెట్టేశాను. మీది పెట్టండి.