పదో మనిషి

మా ఆయన గెర్షోన్‌కి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. రెండేళ్ళుగా కబ్బాలా, అంటే మా యూదుల ఆధ్యాత్మిక విద్య, చదువుతున్నాడు. మా ఊరు సఫెద్‌లో ఇదేమంత విశేషం కాదు, మా సందులో చదవనివాణ్ణి వెతికి పట్టుకోవాలి. కాకపోతే మా ఆయన ఏది పట్టుకున్నా ఉడుంపట్టే.

వాళ్ళ గురువు హనోక్ చెప్పేది వినడానికి తేలికే. మనిషి పుట్టుకతోనే తీసుకునేవాడు, ఇవ్వడం నేర్చుకోవాలి. ఇస్తున్నప్పుడు కూడా లోపల మెప్పో తృప్తో ఏదో ఒకటి తీసుకుంటూనే ఉంటాడు, దాన్ని కనిపెట్టాలి. గెర్షోన్ కనిపెట్టడం మొదలుపెట్టాడు. చెత్త బయట పారేసి వచ్చి, "ఇది నీ కోసం చేశానా, నువ్వు మెచ్చుకుంటావని చేశానా?" అని అడిగేవాడు. "ముందు చేతులు కడుక్కో" అనేదాన్ని.

మా ఎదురింటి మిమూన్ ఒహానా ఒకప్పుడు పరుపులు కుట్టేవాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు. ఆయన భార్య ఫ్రీహా పోయి ఆ శీతాకాలానికి ఏడాది. మొదటి సంవత్సరీకం. మా లెక్కలో రోజంటే సాయంత్రం మొదలై మర్నాడు పొద్దుగుంకేసరికి ముగుస్తుంది. ఆ లోపల జరిగే ప్రార్థనల్లో పోయినవాళ్ళ కోసం కద్దిష్ చదవాలి, చదవాలంటే పదిమంది మగవాళ్ళు ఉండాలి. ఒక్కడు తగ్గినా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే.

మొదటి సాయంత్రం మా సందులోని చిన్న మందిరంలో పదోవాడు గెర్షోనే. కద్దిష్ అయ్యాక మిమూన్ అతణ్ణి కావలించుకుని, "నీలాంటివాడు సందుకొక్కడుంటే చాలు నాయనా" అని అందరి ముందూ అన్నాడట. ఇంటికొచ్చిన మనిషి ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఏమైంది?"

"ఆ మాట తియ్యగా అనిపించింది సీమీ."

"అనిపిస్తే?"

"నేను వెళ్ళింది ఫ్రీహా పిన్ని కోసం కాదన్నమాట. ఆ మాట కోసం."

"ఆవిడ లేచొచ్చి అడిగిందా, ఎవరి కోసమొచ్చావురా అని?"

అతను నవ్వలేదు.

మర్నాడు ఉదయం ఎవరో యాత్రికులు రావడంతో మంది సరిపోయారు. మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంది. సందులో సగంమంది తిబేరియాలో పెళ్ళికి పోయారు. మెట్లెక్కి పై వీధి ప్రార్థనామందిరానికి పోదామంటే మిమూన్ మోకాళ్ళు రానివ్వవు. పొద్దు వాలుతుండగా ఆయనే తడుసుకుంటూ వచ్చి మా తలుపు తట్టాడు.

"నువ్వొస్తే సరిపోతాం గెర్షోన్. ఇదే ఆఖరి ప్రార్థన."

"మీరు పదండి బాబాయ్, వస్తున్నా."

అది అబద్ధం కాదు, వెళ్దామనే అన్నాడు. కోటు తొడుక్కోబోయి కుర్చీలో కూలబడ్డాడు.

"నిన్నటి తీపి మళ్ళీ కావాలనిపిస్తోంది. ఈ బుద్ధితో వెళ్తే ఆయన ఏడుపు మీద నేను బతికినట్టు. కాస్త ఆగు, సరిచేసుకుని వెళ్తా." పుస్తకం తెరిచాడు.

"ముందు వెళ్ళు. బుద్ధి సంగతి దారిలో చూసుకో."

"నీకర్థం కాదులే."

నాకు ఒళ్ళు మండింది. వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమాను. వీధిలోంచి ఎవరో పిలిచినట్టయింది. బయటికొచ్చేసరికి పడమట మెరోన్ కొండ మీద వెలుతురు లేదు, పొద్దు గుంకిపోయింది. మా ఆయన ఇంకా అదే పేజీ మీద ఉన్నాడు.

నేను అరిస్తే లేచి పరుగెత్తాడు. మందిరంలో అప్పటికే కోట్లు తొడుక్కుంటున్నారు. మావాళ్ళు మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టరు. పది మాటల వాక్యం ఒకటి చదువుతూ, మాటకొకరి చొప్పున చూసుకుంటారు. మిమూన్ ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టాడట, కూర్చున్నవాళ్ళు పెరుగుతారేమోనన్నట్టు. ప్రతిసారీ చివరి మాటకి మనిషి లేడు. గెర్షోన్ ఈ సంగతి గుమ్మంలో ఎవరి నోటో విని, లోపలికి వెళ్ళే ధైర్యం చాలక తిరిగొచ్చేశాడు.

గంటైనా కాలేదు, మళ్ళీ తలుపు చప్పుడు. మిమూనే. చేతిలో మూతపెట్టిన గిన్నె.

"జ్వరమా నాయనా? వస్తానన్నవాడివి రాలేదంటే ఏదో అయ్యుంటుందనుకున్నా. సంవత్సరీకానికి చేసిన సూప్ ఇది. శనగలెక్కువేశా, ఫ్రీహాకి అలాగే ఇష్టం."

నేను గెర్షోన్ వంక చూశాను. జ్వరమని ఒక్క మాటంటే అక్కడితో అయిపోయేది. నిజం చెప్పొద్దూ, ఆ మాట అంటే బాగుండునని నాకూ అనిపించింది.

"జ్వరం కాదు బాబాయ్" అన్నాడు గెర్షోన్. "ఇక్కడే కూర్చున్నా. మనసు బాగుచేసుకుని వద్దామని."

ముసలాయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఇక్కడే ఉన్నావా?"

"ఇక్కడే."

"మందిరం వాకిట్లోకొచ్చి కేకేశాను."

"వినపడింది."

మిమూన్ గిన్నె బల్ల మీద పెట్టాడు. "అరవై ఏళ్ళు నన్ను భరించింది. నేను దానికి చెయ్యగలిగింది ఇదొక్కటే మిగిలింది." కోపంగా అనలేదు. కోపంగా తిట్టినా బాగుండేది. గుమ్మం దాటుతూ, "చల్లారకముందే తాగండి" అని వెళ్ళిపోయాడు.

గెర్షోన్ గిన్నె వంక చూస్తూ కూర్చున్నాడు. "ఇది తాగే అర్హత నాకు లేదు."

"మళ్ళీ నీ గోలేనా? ఆ మోకాళ్ళతో వానలో మోసుకొచ్చాడు. తాగు."

తాగాడు. ఒక్కో గుటకా మింగడానికి ఎంత అవస్థపడ్డాడో చూసినదాన్ని నేను. అడుగున శనగలు కూడా వదల్లేదు.

మర్నాడు పాఠంలో జరిగిందంతా అందరి ముందూ చెప్పాడు. హనోక్ "బుద్ధి సరిచేసుకోమన్నాను గానీ, మనిషిని వాకిట్లో నిలబెట్టి సరిచేసుకోమన్నానా? ఇందులో నా తప్పూ ఉంది. మీరేం వింటున్నారో నేను అడగలేదు" అన్నాడట. దాంతో గెర్షోన్ మనసులో బరువేమీ తగ్గలేదు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ప్రార్థనకి వెళ్తున్నాడు. మిమూన్ అతనితో మాట్లాడడు. పక్కన కూర్చుంటే జరిగి చోటిస్తాడు, అంతే. మెచ్చుకునేవాడు ఎవడూ లేడు.

మొన్న ఎవరి తల్లిదో సంవత్సరీకం. మంది తక్కువున్నారని కబురొచ్చింది. గెర్షోన్ తలుపు దగ్గర ఆగిపోయాడు.

"ఏమైంది మళ్ళీ?"

"ఆవిడెవరో నాకు తెలియను కూడా తెలీదు సీమీ. మిమూన్ బాబాయ్ ఇవాళైనా నా వంక చూస్తాడేమోనని వెళ్తున్నా."

"అయితే బుద్ధి శుభ్రంగా లేదన్నమాట."

"లేదు" అన్నాడు. అని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.