కింది కాగితం

పడకగది గోడలో పగులు కప్పు దగ్గర పుట్టి, కిటికీ పక్కగా మెలికలు తిరుగుతూ నేలదాకా దిగింది. ఆ గోడకి రెండడుగుల దూరంలోనే పాప మంచం. వానలు మొదలైనప్పటి నుంచి పాప తల్లి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిద్రపోతోంది.

ఇల్లు మొత్తమే పాతబడింది. వంటింటి తలుపు తీస్తే పడదు, వేస్తే రాదు. స్నానాలగది గొట్టం ఎక్కడ కారుతోందో దానికే తెలియాలి. అపార్టుమెంట్లు కట్టే కంపెనీ మనిషి ఒకాయన వచ్చి, ఇల్లంతా తిరిగి చూసి, "ఇది పడగొట్టేద్దామండీ. పక్క ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. రెండూ కలిపి కడతాం, మీకో ఫ్లాటు వస్తుంది. అప్పటిదాకా ఎక్కడైనా అద్దెకుండండి," అన్నాడు. వానలు తగ్గాక జవాబు కోసం వస్తానన్నాడు.

పాప తండ్రి గడియారాలు బాగుచేస్తాడు. పడగొట్టడమనే మాటే ఆయనకి గిట్టదు. "బాగుపడని వస్తువంటూ ఉండదు," అన్నాడు.

"హాల్లో గోడ గడియారం ఆగి ఏడాదైంది నాయనా," అంది ఆయన తల్లి, తలెత్తకుండా.

"దానికి కాస్త తీరిక కావాలమ్మా."

"అయితే గోడకి కూడా చెప్పు, నీకు తీరికయ్యేదాకా నిలబడమని."

ఆయన నవ్వేసి భార్య వైపు తిరిగాడు. "పిల్ల పడుకునే గది. నువ్వెలా అంటే అలా."

దాంతో బరువంతా ఆమె నెత్తిన పడింది. కూలగొట్టమంటే, అత్తగారు కాపురానికొచ్చిన ఇల్లు. వద్దంటే, రేపు పిల్లకేమైనా అయితే?

మేస్త్రీని పిలిపించారు. ఆయన పగుల్లోకి వేలు పోనిచ్చి చూశాడు. "ఇది పాత పగులా, ఇంకా సాగుతోందా అన్నదే అసలు సంగతమ్మా. పగులుకి అడ్డంగా పలచటి కాగితం ముక్కలు అంటించండి. పైనొకటి, కిందొకటి. గోడ కదిలితే కాగితం చిరుగుతుంది. కదలకపోతే ఆ కారే గొట్టం మార్చి, పగులు పూడ్చేస్తే సరిపోతుంది."

మంచాన్ని గోడకి దూరంగా అవతలి మూలకి జరిపి, ఆమె పిండి జిగురు ఉడికించి కాగితాలు అంటించింది. ఒకటి తన తల ఎత్తున, ఇంకొకటి మోకాలికి కాస్త పైన.

మర్నాడు సాయంత్రానికి కిందిది చిరిగింది.

మళ్ళీ అంటించింది. మళ్ళీ చిరిగింది. పై కాగితం మాత్రం చెక్కుచెదరలేదు. 'పునాదే కుంగుతోంది, అందుకే కింద చిరుగుతోంది' అనుకుంది. భర్తతో, "ఇంక పడగొట్టించేద్దామండీ. నా వల్ల కాదు," అంది. ఆ పూట ఆయన కంచంలో సగం అన్నం వదిలేసి లేచాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆమెకి ఇంకో బెంగ ఉండనే ఉంది. మొదటి పుట్టినరోజు వెళ్ళి ఇన్నాళ్ళయినా పాప పాకడమే తప్ప లేచి నిలబడదు. చేతులు పట్టుకుని నిలబెడితే కాళ్ళు మడిచేసి చతికిలబడుతుంది. పక్కింటి పిల్ల ఇంచుమించు అదే ఈడుది, వీధంతా పరుగులు పెడుతోంది.

"మీ ఆయన కూడా ఆలస్యంగానే నడిచాడే అమ్మాయ్," అనేది అత్తగారు. "ఇప్పటికీ ఏ పనికీ తొందరపడడు, చూస్తున్నావుగా."

ఆ రోజు ఆమె వంటింట్లో గిన్నెలు తోముతుండగా ఇల్లు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది. చంటిపిల్ల ఉన్న ఇంట్లో నిశ్శబ్దం మంచిది కాదు. తడి చేతులతోనే పడకగది గుమ్మందాకా వెళ్ళి ఆగిపోయింది.

పాప నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చేత్తో కింది కాగితం అంచు పట్టుకుని లాగుతోంది. పర్రున చిరిగింది. చిరిగిన ముక్క నోట్లో పెట్టుకుని జిగురు చప్పరించింది. వెనక్కి తిరిగి, తల్లిని చూసి, దొంగలా టక్కున కూలబడింది.

ఆమె అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళు నిండాయి.

"అత్తయ్యా, ఇలా రండి. గోడ కదలడం లేదు. మీ మనవరాలు కదులుతోంది."

అత్తగారు వచ్చి పాప నోట్లోంచి కాగితం తీసింది. "ఇంకా నయం. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పెట్టినట్టు అయ్యేది," అంది.

అయినా తల్లి మనసు ఊరికే కుదుటపడదు. కొత్త కాగితం అంటించి, పాపకి అందకుండా ట్రంకుపెట్టె అడ్డం పెట్టింది. ఆ వారమంతా వాన దంచికొట్టింది. రోజూ పెట్టె వెనక్కి తొంగిచూసింది. కాగితం అంటించినది అంటించినట్టే ఉంది. మేస్త్రీ వచ్చి చూసి, "పాత పగులేనమ్మా, నిశ్చింతగా ఉండండి," అని గొట్టం కొలతలు తీసుకుని వెళ్ళాడు. భర్త ఆ ఆదివారం హాల్లో గడియారం కిందికి దించాడు.

ఆమె మాత్రం జిగురు ఉడకబెట్టడం మానలేదు. పగులు లేని చోట, పాప ఎత్తున, గోడ పొడవునా జానెడేసి దూరంలో కాగితాలు అంటించుకుంటూ పోయింది. పాప ఒకటి చింపి, రెండోదాని కోసం అడుగు పక్కకి వేసేది. గది దాటింది, హాలు దాటింది.

వానలు తగ్గాక కంపెనీ మనిషి వచ్చాడు. గోడల నిండా కాగితాలు చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "అమ్మో, ఇన్నిచోట్ల పగిలిందా? నేను ముందే చెప్పాను కదండీ."

భర్త ఏదో చెప్పబోయి భార్య వైపు చూశాడు. పాప వీధి గుమ్మం దగ్గర ఆఖరి కాగితం చింపి, గోడ వదిలేసి, ఏ ఆధారమూ లేకుండా ఊగుతూ నిలబడి ఉంది. ఆమె చేతులు చాచింది కానీ పట్టుకోలేదు.

"లేదండీ," అంది పాప మీంచి చూపు తిప్పకుండా. "ఇల్లు బాగుచేయించుకుంటున్నాం. కొంచెం పక్కకి జరుగుతారా, మా అమ్మాయి వస్తోంది."