కొండెక్కిన దీపం

పంకజాక్షి నోట ఆ పాడుమాట రాదు. కాపురానికి వచ్చిన కొత్తలో ‘దీపం ఆరిపోయింది’ అన్నందుకు అత్తగారు చెంప పగలగొట్టినంత పని చేసింది. అప్పటినుంచీ నూనె దీపమైతేనేం, కరెంటు బల్బయితేనేం, ఆ ఇంట్లో ఏదీ ఆరదు. కొండెక్కుతుంది. కొండ కింద పుట్టి పెరిగిన మనిషికి ఆ మాట ముద్దుగానే ఉండేది.

తిరుచానూరులో అమ్మవారి ఉత్సవాలు మొదలైన రోజు, ఆమె మొగుడు మునిరామయ్య పూజగదికి ఎల్ఈడీ లైట్ల దండ తెచ్చాడు. ఊళ్లోకి అవి అప్పుడప్పుడే వస్తున్నాయి. స్విచ్చి వేస్తే గదికి పెళ్లికళ వచ్చింది. తీరా స్విచ్చి ఆపితే, లైట్లు పూర్తిగా ఆగకుండా మినుకుమినుకుమంటూనే ఉన్నాయి.

“అమ్మవారు వచ్చిందయ్యా!” అని పంకజాక్షి చెంపలేసుకుంది.

“అమ్మవారూ లేదు, అయ్యవారూ లేదు,” అన్నాడు మునిరామయ్య, టెస్టరు పెట్టి చూసి. “స్విచ్చిని తప్పు వైరుకు పెట్టినారు. ఆపినా దండలోకి కరెంటు వస్తానే ఉండాది. పాత బల్బుకైతే తెలీలేదు. వీటికి రవ్వంత చాలు, బయటపెట్టేసినాయి. కరెంటు పని చేసే మన గుణశేఖర్‌ను పిలిచి మార్పిస్తాలే.”

మరునాడు సాయంత్రం దండ మొత్తం చీకటైంది. ఎలుక వైరు కొరికిపెట్టింది. మునిరామయ్యకు ఒక తెగులుంది. వైరు తొక్క పళ్లతోనే ఒలుస్తాడు, చెరుకు ముక్కలాగా. కత్తెర ఇస్తానన్నా వినడు. ముక్కాలిపీట ఎక్కి, ఒక చెయ్యి గోడకు ఆనించాడు.

“పంకజా, ఆ స్విచ్చిని నమ్మేదానికి లేదు. వసారాలో మెయిను తియ్యి. తీసినాక చెప్పు.”

పంకజాక్షి వసారాలోకి వెళ్లింది. మెయిను పెట్టె కిందనే తులసికోట. ఇందాక ముట్టించిన దీపం గాలికి పోయి వత్తి పొగలు కక్కుతోంది. పండగ పూట! మెయిను వైపు పోవలసిన చెయ్యి అగ్గిపెట్టె వైపు పోయింది.

“అయ్యో, కొండెక్కిందయ్యా!” అంది గట్టిగా.

“సరే,” అన్నాడు లోపల్నుంచి.

ఆ ‘సరే’ దేనికో ఆమెకు తట్టలేదు. పుల్ల గీసింది. అప్పుడు వినబడింది, పీట తన్నుకున్న చప్పుడు, వెంటనే మనిషి పడ్డ చప్పుడు. అరుపు మాత్రం లేదు.

పుల్ల చేతిలో మండుతూనే ఉంది. వేలు చుర్రుమన్నాక గానీ ఆమెకు ఒళ్లు తెలియలేదు. మెయిను పిడి లాగిపారేసి లోపలికి పరుగెత్తింది. మునిరామయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. పెదవి కమిలి నల్లబడింది. నేనే చంపేసినా, నా నోటితోనే చంపేసినా, అనుకుంది. ఏడుపు కూడా రాలేదు. రొమ్ము మీద దబదబా గుద్దింది.

“మాట్లాడయ్యా! ఓయ్యా!”

ఎంతకో ఆయన రెప్ప కదిలింది.

“యాడ... కొండెక్కిందే?” అన్నాడు, నాలుక తిరగక.

“తులసికోటలో దీపమయ్యా...”

“నేను మెయిననుకుంటినే.”

అప్పుడు ఏడ్చింది పంకజాక్షి, వీధికి వినబడేటట్టు.

మరునాడు గుణశేఖర్ స్విచ్చి మార్చడానికి వచ్చి, లోపల్నుంచి అడిగాడు. “మెయిను తీసినావామ్మా?”

పంకజాక్షి పిడి కిందికి లాగింది. లోపల ఫ్యాను ఆగిందాకా చూసింది. గోడ మీద అత్తగారి పటం వైపు కూడా ఒక చూపు చూసింది. తర్వాత గొంతు చించుకుని అరిచింది.

“ఆరిపోయిందప్పా! అంతా ఆరిపోయింది!”

వీధిలో పోతున్న యాత్రికులు ఉలిక్కిపడి, ఈ ఇంట్లో ఎవరు పోయారోనని ఆగి చూశారు.