గాజుకు పైవైపు

క్లిఫర్డ్ సగ్డెన్ చేతులకు తొడుగులు వేసుకుని గాజు కప్పు మీద బోర్లా పడుకుని, ఇనుప కమాను మూలలో పేరుకున్న పావురాల రెట్టను తాపీతో గీకుతున్నాడు. పై పొర పొడై లేస్తోంది. కింది పొర ఇంకా జిగటగానే ఉంది. అందులో ఈకలు, పిల్ల పావురం ఎముకలు, ఎవరో తిని పారేసిన చిప్స్. అన్నిటినీ బకెట్లోకి తోశాడు. దగ్గి ఉమ్మాడు. ఉమ్మి బూడిదరంగులో ఉంది.

కింద థార్న్‌బీ ఆర్కేడ్. లీడ్స్ నగరానికి వచ్చినవాళ్లు మెడ వెనక్కి వాల్చి చూసే చోటు. విక్టోరియా రాణి కాలంలో రెండు వీధులను కలుపుతూ వేసిన దారి. ఇరువైపులా దుకాణాలు, వాటి మీద వసారాలు, ఆపైన ఇనుప కమానులు, గాజు. కట్టినవాళ్లు కింది నుంచి కనిపించే ఇనుముకంతా ఆకులూ పళ్లూ పోతపోసి బంగారు పూత పూశారు. పైవైపు బోల్టులు, నీళ్లు పోయే సీసపు కాలువ, మనిషి పాకడానికి ఒక చెక్క. ఆ వైపు చూసేవాడు క్లిఫర్డ్ ఒక్కడే.

రెట్టను తడిపి గీకాలి. అతనికి పని నేర్పినవాడు అలాగే చేసేవాడు. కానీ గాజు అంచుల్లో సందులు పూడ్చే పుట్టీ ఊడిపోయింది. ఒకసారి ఆ నీళ్లు కింద ఒకావిడ టోపీ మీద పడ్డాయి. అప్పటి నుంచీ పొడిగానే గీకమన్నారు. పుట్టీ పెట్టించే మాట యాజమాన్యం ఎత్తలేదు. క్లిఫర్డూ ఎత్తలేదు.

మధ్యాహ్నం టీకి దిగాడు. మేవిస్ ఆక్రాయిడ్ తన టీ దుకాణం వెనక గుమ్మంలోనే అతనికి టీ కప్పు అందిస్తుంది.

"అక్కడే ఆగు. కంపు కొడుతున్నావు."

"నీ కేకుల కంటే నయమే."

"నా కేకులు అలా దగ్గవయ్యా. డాక్టరేమన్నాడు?"

"పావురాల దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందట. ఇక పైకి ఎక్కొద్దన్నాడు."

"మరి ఎక్కుతావేం? మతి పోయిందా?"

"ఎక్కకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతోపాటు వాళ్లిచ్చిన గేటు మీది గదీ పోతుంది. ఈ వయసులో ఎక్కడ పడుకోను, నీ పొయ్యి మీదా?"

"మా చెల్లెలింట్లో ఒక గది ఖాళీగా ఉంది."

"మీ చెల్లెలు నీకంటే ఎక్కువ వాగుతుంది."

మేవిస్ నవ్వలేదు. అతని టీలో ఇంకో చెంచా చక్కెర వేసింది.

గేటు మీది గదిలోకి అతను పెళ్లయిన కొత్తలో వచ్చాడు. దుప్పట్లకు కూడా ఆ కంపే పట్టిందని భార్య హిల్డా రెండో చలికాలంలోనే పుట్టింటికి వెళ్లిపోయింది. అతను దుప్పట్లు మార్చాడు. ఆమె తిరిగి రాలేదు.

టీ కప్పు కడిగి ఇచ్చేలోపు మేనేజరు గైల్స్ పెంబర్టన్ వచ్చాడు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"క్లిఫర్డ్, సాయంత్రం ఆర్కేడ్ పునరుద్ధరణ ఫలకం ఆవిష్కరణ. మేయరు నిలబడే చోట, సరిగ్గా పైన, గాజు మీద పెద్ద మచ్చ ఉంది. చూడటానికే అసహ్యంగా ఉంది. చుక్క నీరు మాత్రం కింద పడకూడదు, సరేనా?"

"అలాగేనండి."

ఆ గాజు దగ్గరికి పాకేలోపు అతను నాలుగైదుసార్లు ఆగాడు. గీకాడు. దుమ్ము నోట్లోకి వెళ్లింది. ఉప్పగా ఉంది. మచ్చ పోయేసరికి కింద జనం చేరారు. పుట్టీ లేని సందులోంచి గైల్స్ గొంతు పైకి వినిపించింది: "ఈ కట్టడానికి మళ్లీ ఊపిరి పోశాం." చప్పట్లు. మేయరు తలెత్తి చూడబోయాడు. నీడ పడకుండా క్లిఫర్డ్ పక్క కమాను వెనక్కి జరిగాడు. చప్పట్లు ఆగకముందే ఒక పావురం వచ్చి ఆ గాజు మీదే రెట్ట వేసింది.

క్లిఫర్డ్ దాన్ని అదిలించలేదు. కాసేపు చూసి దిగిపోయాడు.

మూసేవేళకు రోజూలా గేట్లు మూయడానికి అతను రాలేదు. మేవిస్ అతని గదికి మెట్లెక్కి వెళ్లింది. అతను కుర్చీలో ఉన్నాడు. బూట్లు విప్పి పాత పేపరు మీద పెట్టాడు. నోరు తెరిచి ఉంది. కిటికీలోంచి కింద దీపాల వెలుగు అతని మోకాళ్ల మీద పడుతోంది. చెయ్యి అప్పటికే చల్లబడింది.

"నీ గదిలోనే పోయావు కదయ్యా," అంది మేవిస్. తర్వాత గేట్లు ఆమే మూసింది.

గైల్స్ ఆ గదిని బ్లీచింగ్‌తో కడిగించి, ఒక సబ్బుల దుకాణానికి అద్దెకిచ్చాడు. కప్పు ఎక్కడానికి కొత్త మనిషి ఇంకా దొరకలేదు.

ఫలకం దగ్గర నిలబడి తలెత్తితే గాజు మీద అతని చేతి తొడుగు ఒకటి కనిపిస్తుంది. అరచెయ్యి గాజుకు ఆనుకుని, వేళ్లు చాపుకుని ఉంది. చిటికెన వేలు అప్పుడే రెట్ట కింద కప్పడిపోయింది.