ముళ్లకంప దగ్గర పిలుపు

దొణబండలో ఊరు విడిచే దినం ఏ పంచాంగంలోనూ ఉండదు. మృగశిర కార్తె సగం గడిచినా చినుకు రాలకపోతే, ఊరి పెద్ద చిన్నప్ప ఒక ఆదివారం చూసుకుని దండోరా వేయిస్తాడు. ఆ రోజు తెల్లవారకముందే పిల్లాజెల్లా, గొడ్డూగోదా, ముసలీముతకా అంతా ఊరు వదిలి కొండకింది చింతతోపులోకి వెళ్లిపోవాలి. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకూడదు. ఊరి దారికి అడ్డంగా ముళ్లకంప వేస్తారు. పొద్దుగుంకే వేళ తిరిగొచ్చి ఆ కంప దగ్గర నిలబడితే, చిన్నప్ప ఒక్కో ఇంటిపేరు పెట్టి పిలుస్తాడు. వానపడేదాకా ఊళ్లోనే ఉంటామనుకున్నవాళ్లు ‘ఉండాం’ అని పలకాలి. ఎవరు పలికినా సరే, ఆ ఇంటి పొయ్యి వాన చూసేదాకా ఆరకూడదు. వలస పోదామనుకున్న ఇంటివాళ్లు నోరు మూసుకుని, అందరి వెనకాలా లోపలికి పోతారు. ఒక్క దినం ఊరిని మనమే విడిస్తే, కరువు వచ్చి ఏడాదంతా విడిపించదని పెద్దల నమ్మకం. నమ్మకం మాట ఎలా ఉన్నా, ఏటేటా పలికే గొంతులు మాత్రం తగ్గిపోతున్నాయి.

ఈ ఏడాది ఆ దండోరా బుధవారం సాయంత్రం పడింది. అది చెవినపడగానే సునంద చేస్తున్న పని ఆపి అరుగు మీద కూలబడింది. సరిగ్గా ఆ ఆదివారమే బెంగుళూరు నుంచి ఆమె పిలిచిన అతిథులు వస్తున్నారు.

సునంద రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేస్తుంది. మొగుడు ఎర్రిస్వామి బెంగుళూరులో సెంట్రింగ్ పని. ఆమె వారమంతా రాయదుర్గంలో అద్దెగదిలో ఉండి, శనివారం రాత్రి బస్సుకి అత్త తిప్పమ్మ దగ్గరికి వస్తుంది. ఈ వారం మాత్రం అతిథుల ఏర్పాట్ల కోసం బుధవారమే వచ్చింది. నిరుడు రేఖ అనే అమ్మాయి కొండలెక్కే జట్టు ఒకదాన్ని వెంటబెట్టుకుని దారితప్పి దొణబండకొచ్చింది. కొండ మీది పాడుబడ్డ కోట, పెద్ద రాతిగుండు అడుగున ఎర్రరంగుతో ఎప్పుడో ఎవరో గీసిన ఎద్దులు, జింకలు, ఎండాకాలంలోనూ నీళ్లు అడుగంటని బండదొణ, అన్నీ సునందే తిప్పి చూపించింది. ఇంత ఉన్న చోటికి ఎవరూ రారేమని రేఖ అడిగింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తన ఊళ్లో ఏమీ లేదనే విన్న సునందకు ఆ మాట పట్టుకుంది. పట్టుకుంటే వదిలే మనిషి కాదామె. ఏడాదిపాటు ఫోన్లు చేసి, కుందుర్పిలో మండలాఫీసుల చుట్టూ తిరిగి, ఊళ్లో ఇంటింటికీ వెళ్లి, చివరికి ఒక జట్టు వచ్చి ఒక రాత్రి ఇళ్లల్లో ఉండేలా మాట తీసుకుంది. ఈ జట్టుకు నచ్చితే నెలనెలా ఇంకొందరు వస్తారు.

చిక్కు అతిథులతోనే కాదు. ఈసారి వలసకు సిద్ధమైన ఇళ్లకు సునంద స్వయంగా వెళ్లి, ఈ ఒక్క ఆదివారం ఆగమని బతిమాలింది. వాళ్లల్లో పుల్లన్న మూటలు కట్టి వరండాలో పెట్టేసుకున్నాడు. అతని భార్య బయమ్మే అతన్ని ఆపింది. గదికి సున్నం కొట్టి, గడపకు ఎర్రటి జాజు పూసి, ఎవరింట్లోదో అద్దం కూడా అరువు తెచ్చి గోడకు తగిలించింది. అతిథుల సంబరం సరిగా జరగకపోతే సోమవారం పొద్దున బస్సుకి ఆ ఇళ్లన్నీ తాళాలే. ఇప్పుడా ఆదివారమే ఊళ్లో మనిషి ఉండకూడదు, పొయ్యి వెలగకూడదు.

సునంద చిన్నప్ప ఇంటికి వెళ్లి, ఒక్క వారం వెనక్కు జరపమని అడిగింది. ఆయన కోపపడలేదు. కోపపడి ఉంటే ఆమె కూడా నాలుగు మాటలు అనగలిగేది.

“వాన కోసరం ఊరు కదుల్తాండాదమ్మా. నీ చుట్టాల కోసరం నిలబడదు,” అన్నాడు.

ఊరి చివర సిగ్నల్ దొరికే రాతిగుండు ఎక్కి రేఖకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. జ్వరమనో, దారి బాగాలేదనో అబద్ధం చెప్పొచ్చు గానీ ఒకసారి అబద్ధంతో మొదలైతే ఇంక ఎన్నాళ్లు మోయాలి? రేఖ నసిగింది. వచ్చేవాళ్లు సెలవులు పెట్టుకున్నారనీ, మళ్లీ కుదిరేది దసరా తర్వాతేననీ, ఊరే ఖాళీ అయితే వచ్చి చూసేదేముందనీ అంది.

“ఊరు యాడికీ పోదు మేడం. జనం తోపులో ఉంటారు. మీరు జనం కాడికి రాండి,” అంది సునంద. చివరికి రేఖ సరేనంది.

దసరా దాకా ఆగితే దొణబండలో తాళంకప్పలు తప్ప ఆతిథ్యమిచ్చేవాళ్లు మిగలరని ఆమెకు తెలుసు. శనివారం దాకా పనికి నాగా పెట్టి తోపులోనే కాపురం పెట్టింది. ఆడవాళ్లను పోగేసి తడికలతో మరుగుదొడ్లకు చాటు కట్టించింది. డ్రమ్ముల్లో నీళ్లు పట్టించింది. మూడేసి రాళ్లు పెట్టి పొయ్యిలు వేయించింది. సున్నం కొట్టిన గది ఎవరూ చూడకుండా పోతుందని బయమ్మ సణుగుతూనే జొన్నపిండి విసిరింది. ఈ కోడలు ఊరినంతా పెళ్లివారి విడిది చేసేసిందని తిప్పమ్మ వచ్చేపోయేవాళ్లకు చెప్పి నవ్వింది. ఆ నవ్వులో కొంచెం గర్వం కూడా ఉంది, కానీ కోడలి ముందు అది ఒప్పుకుంటే ఆవిడ తిప్పమ్మే కాదు.

ఆదివారం పొద్దున, తాము మాట్లాడుకొచ్చిన బస్సు దిగిన పట్నంవాళ్లు ముళ్లకంప ముందు నిలబడిపోయారు. అవతల వీధి వీధంతా తలుపులు మూసి ఉంది. కుక్క కూడా లేదు. సునంద వాళ్లకు ఈ దినం ఎందుకొచ్చిందో చెప్పింది, లోపల నిప్పు వెలిగించరని చెప్పింది, సాయంత్రం పిలుపు ఎలా జరుగుతుందో చెప్పింది. తోపులో బయమ్మ రొట్టెలు తడుతుంటే చుట్టూ మూగి చూశారు. జొన్నరొట్టె, రోట్లో నూరిన ఊరుబిండి అడిగి అడిగి పెట్టించుకున్నారు. ఇంకా పెట్టమని పరాయివాళ్లు చెయ్యిచాపితే బయమ్మ మొహం విప్పారింది. సునందకు గుండెల మీద బరువు దిగినట్టయింది. తొందరపడి దిగింది.

మిట్టమధ్యాహ్నం ఆ జట్టులోని శశికుమార్ అనే కుర్రవాడు పెద్ద కెమెరా మెడలో వేసుకుని బయమ్మ దగ్గరికొచ్చాడు. ఆమెను సంతోషపెడదామని ఒక ఫొటో చూపించాడు. ఖాళీ వీధిలో జాజు పూసిన గడప, దాని పక్కన మూటలు. బయమ్మ చేతిలోని రొట్టె పెనం మీద పడకుండా కింద పడింది. అది ఆమె ఇల్లే. కంప దాటి లోపలికి వెళ్తే తప్ప ఆ ఫొటో రాదు.

సునంద అన్నీ చెప్పింది గానీ, కంప దాటకూడదని మాత్రం చెప్పలేదు. దొణబండలో ఆ మాట పాలు తాగే పిల్లకు కూడా చెప్పక్కర్లేదు. చెప్పాలని ఆమెకు తోచనే లేదు.

ఆ ఫొటో మాట తోపంతా పాకింది. చిన్నప్ప తలపాగా తీసి తొడ మీద పెట్టుకున్నాడు. దినం చెడిందన్నాడు. ఆ దినపు ఆచారంగా పొద్దున్నే ఊరివాళ్లు దొణ నీళ్లు కడవలతో తెచ్చి ఊరి పొలిమేర చుట్టూ పోసుకుంటూ తిరిగొచ్చారు. అదంతా మళ్లీ మొదటినుంచీ చేయాలి. ఈ ఎండలో, ఉత్త కాళ్లతో.

“ఇదేనా నువ్వు తెచ్చిన మేలు?” అని పుల్లన్న అందరికీ వినబడేలా అడిగాడు. “ఉండే ఒక్క దినం కూడా చెరిచిపెట్టినారు. నేను పోతాండా సునందా. రేపు పొద్దున బస్సుకి పోతాండా.”

సునందకు ఏడుపొచ్చింది. అక్కడ ఏడిస్తే ఏడాది పని కన్నీళ్లలో పోతుందని పంటి బిగువున ఆపుకుంది. తప్పు తనదేనని, చెప్పాల్సింది చెప్పలేదని, తానే కడవ మోసి పొలిమేరంతా తిరుగుతానని అంది. చిన్నప్ప అడ్డంగా తల ఊపాడు.

“దాటింది వాళ్లు. నువ్వు మోస్తే ఎట్ల తీరుతుంది? దాటినోళ్లు మొయ్యల్ల.”

డబ్బిచ్చి సరదాగా వచ్చిన వాళ్లను చెప్పులు విడిచి కడవలెత్తుకోమని అడగాలి. ఇంతకంటే వెనక్కి పంపేయడమే సులువు. సునంద వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లింది. చుట్టూ తిప్పి చెప్పలేదు. ఇది చూడ్డానికొచ్చే ఆట కాదని, వాన కోసం ఊరు పట్టిన దీక్ష అని, వాళ్లలో ఒకరు అది చెరిపారని, చెరిపినవాళ్లే సరిచేయాలని చెప్పింది. ఇష్టం లేనివాళ్లు బస్సులో కూర్చోవచ్చని, వాళ్లను ఎవరూ ఒక్క మాట కూడా అనరని చెప్పింది.

రేఖ మిగతావాళ్ల మొహాల్లోకి చూసింది. అప్పుడు శశికుమార్ కెమెరా తీసి చెట్టుకొమ్మకు తగిలించి, కింద కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకున్నాడు. అతని వెనక రేఖ విప్పింది. ఒకరిద్దరు బస్సు దాకా వెళ్లి, ఏమనుకున్నారో ఏమో, తిరిగొచ్చారు.

కొండ మీది దొణలో కడవలు ముంచుకుని బయల్దేరారు. ముందు చిన్నప్ప, వెనక ఊరివాళ్లు, మధ్యలో పట్నంవాళ్లు. సునంద వాళ్లకు చూపిద్దామని ఏడాదిగా మనసులో వరసపెట్టుకున్నవన్నీ దారిలోనే వచ్చాయి. కడవ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకోవడానికి ఆగిన చోట, తలెత్తితే గుండు కింద ఎర్ర ఎద్దులు. ఊపిరి పీల్చుకోవడానికి ఆనుకుంటే కోట వాకిలి. కిందికి దిగాక విత్తనం పడని శెనక్కాయ చేలు, ఇసక తప్ప నీరెరగని వంక. ఆ కోట వాకిట్లో తన చిన్నప్పుడు చిరుతపులి పడుకునేదని తిప్పమ్మ ఉన్నదీ లేనిదీ కలిపి చెప్పింది. సునంద కాళ్ల కింద నేల కాలుతుంటే ఎవరు ఏమంటారోనని వెనక్కి చూసుకుంటూ నడిచింది. అందరూ నడుస్తూనే ఉన్నారు.

వంక దాటాక శశికుమార్ కుంటడం మొదలుపెట్టాడు. అరికాళ్ల నిండా పల్లేరుకాయలు. కడవ మాత్రం దించలేదు. బయమ్మ చూసీ చూడనట్టు కొంత దూరం నడిచింది. తర్వాత అతని రెక్క పట్టుకుని గట్టు మీద కూలేసి, తాళిబొట్టు తాడుకున్న పిన్నీసు తీసి, ముళ్లు ఒక్కొక్కటీ లాగింది. లాగినంతసేపూ తిట్టింది. కళ్లు నెత్తిన పెట్టుకుని నడిస్తే ఇట్లే అవుతుందంది, కంప అడ్డమేస్తే దాటేది మనిషా మేకా అంది. తెలుగు సగమే అర్థమైన ఆ కుర్రాడు అన్నింటికీ తలూపాడు. ముళ్లయ్యాక కడవ మళ్లీ ఆమే ఎత్తి అతని భుజానికి పెట్టింది.

పొద్దు కొండ మీదికి వాలేసరికి తిరుగుడు పూర్తయింది. తడిసిన బట్టలతో, దుమ్ము కాళ్లతో అందరూ కంప దగ్గరికి చేరారు. వినాయకచవితి తర్వాత ఇంకో జట్టును తీసుకొస్తానని రేఖ మెల్లగా చెప్పింది. ఈ పిలుపును ఫోన్లో తీసి చూపిస్తే జనం ఎగబడి వస్తారని కూడా అంది. సునంద వద్దంది. కొండ చూపిస్తానని, కోట చూపిస్తానని, అన్నం పెడతానని, ఇది మాత్రం చూపించేది కాదని చెప్పింది. రేఖ ఫోన్ సంచిలో పెట్టుకుంది.

చిన్నప్ప పిలవడం మొదలుపెట్టాడు. పేరు పిలుస్తాడు, పలికితే సరే, పలక్కపోతే మూడు ఊపిర్లంతసేపు ఆగి ఇంకో పేరుకు పోతాడు. ఆ ఆగడం వినలేక సునంద ఏటా తల దించుకునేది. తమ ఇంటి తరఫున ‘ఉండాం’ అనేది ఎప్పుడూ తిప్పమ్మే. ముసలావిడ పొయ్యి కాచుకుని ఉంటే, కోడలు సోమవారం తెల్లారే రాయదుర్గం బస్సెక్కేది. ఈసారి తమ ఇంటిపేరు వినబడ్డా తిప్పమ్మ పలకలేదు. చెవుడు వచ్చినదానిలా కొండకేసి చూస్తూ నిలబడింది.

తాను పలికితే పొయ్యి కాచుకుని తానే ఉండాలి, రాయదుర్గంలో కుట్టుపని వదులుకోవాలి. ఊళ్లో ఉండి, ఇదే పని పట్టుకుని, జనం వచ్చినా రాకపోయినా నిలబడాలి. ఇంతమందిని ఆగమని బతిమాలినదానికి తాను ఆగకపోతే నోరెక్కడిది?

“ఉండాం,” అంది సునంద.

ఆ తర్వాత సగం ఇళ్లు పలికాయి, సగం పలకలేదు. పలకనివాళ్ల మొహాల్లోకి సునంద ఈసారి సూటిగానే చూసింది. వాళ్ల మీద కోపం లేదు. వచ్చే ఏడాదికి మీరూ పలుకుతారు, పలికించకపోతే నా పేరు సునంద కాదు అనుకుంది.

పుల్లన్న ఇంటిపేరు వచ్చింది. పుల్లన్న దవడ బిగించి నేలకేసి చూశాడు. ఒక ఊపిరి గడిచింది. రెండో ఊపిరికి బయమ్మ మొగుణ్ని దాటుకుని ముందుకొచ్చింది.

“ఉండాం,” అంది. మొగుడి వైపు తిరిగి, “నువ్వు పోతే పో. పొయ్యి నేను చూసుకుంటా,” అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నప్ప నవ్వలేదు. పిలుపు పూర్తిచేసి, కంప లాగించి, దాన్నే అంటించి, పలికిన ఇళ్లకు ఆ నిప్పు పంచాడు. బయమ్మ పెంకులో నిప్పులు పట్టుకుని ఇంటికి నడిచింది. ఆమె వెనక శశికుమార్, రేఖ సంచులతో కుంటుకుంటూ వెళ్లారు. అందరికంటే వెనక పుల్లన్న. సునంద ఎదురుగా తమ వాకిట్లో ఆగి చూసింది.

వరండా నిండా మూటలే. అతిథులు సంచులు ఎక్కడ దించాలో తెలియక నిలబడ్డారు. పుల్లన్న వాళ్లను చూశాడు, మూటలను చూశాడు, లోపల పొయ్యి రాజేస్తున్న పెళ్లాన్ని చూశాడు.

“పొద్దున బస్సుకి పోవల్లంటివే?” అంది బయమ్మ తల తిప్పకుండా.

“మంచాలు యాడ ఏసేది సెప్పు ముందు,” అంటూ పుల్లన్న ఒక్కో మూటా ఎత్తి లోపల పెట్టసాగాడు.