వంకాయ చేపల గురువుగారు

సింహాద్రి వేసే చేప వంకాయలా ఉంటుందని జాలరిపేటలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. సింహాద్రికి మరీ బాగా తెలుసు. ఎటునుంచి మొదలెట్టినా పొట్ట దగ్గరికి వచ్చేసరికి కుంచె లావెక్కిపోతుంది, తోక దగ్గర తొడిమ మొలుస్తుంది. పాపం, కావాలని చేసే పని కాదు. అందుకే వాళ్ళ బావ మోహన్ అతన్ని చేపల జోలికి రానిచ్చేవాడు కాదు. బోటు అడుగున రంగు కొట్టడం, అంచు గీత లాగడం, నెంబరు దిద్దడం, అంతవరకే సింహాద్రి రాజ్యం. బోటు ముక్కు మీద చేప, దాని పక్కన గంగమ్మ తల్లి, వెనక పేరు, ఇవన్నీ మోహన్ చేతివే.

మోహన్ అంటే సింహాద్రి అక్క సూర్యకళ మొగుడు. సింహాద్రికి కుంచె పట్టడం నేర్పిన గురువు కూడా ఆయనే. పేటలో బోట్లకి బొమ్మలేసేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు గానీ, మోహన్ వేసిన వంజరం చేప దగ్గర ఆగి కిలో ఎంతని అడగాలనిపిస్తుందని ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. ఆయన నవ్వేవాడు కాదు. పని దగ్గర ఆయనకి నవ్వు రాదు.

ఆయన ఏడవడం మాత్రం సింహాద్రి ఒకసారి చూశాడు. సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రోజుల్లోనే బోట్లన్నీ ఒడ్డెక్కి రంగులేయించుకుంటాయి. సరిగ్గా అవి మళ్ళీ నీళ్ళలోకి దిగే ముందే వానలు మొదలవుతాయి. నిరుడు పేటలో సొంత బోటున్న ఈశ్వరి అనే ఆవిడ బోటు మీద మోహన్ గంగమ్మ తల్లి బొమ్మ పూర్తిచేసి కుంచె కడుక్కుంటుంటే, ఆరని రంగు మీద వాన దంచి కొట్టింది. తల్లి ముఖం కాస్తా కారి గడ్డం కిందికి వచ్చేసింది. మోహన్ ఆ బోటు పక్కనే ఇసకలో కూలబడి, తడుస్తూ, వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ రోజే సింహాద్రి అనుకున్నాడు, ఏమైనా సరే బావకి ఒక షెడ్డు వేయించాలని. బోటు మొత్తం పట్టే షెడ్డు. తిరగని ఆఫీసు లేదు. అందరూ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చూద్దామన్నారు. ఎవరూ చూడలేదు.

అలాంటప్పుడు రత్నరాజు వచ్చాడు. వన్ టౌన్ కుర్రాడు, కళల్ని ఆదుకునే ఏదో ఫౌండేషన్‌లో ఫీల్డ్ ఆఫీసరు. ఫ్యాక్టరీల వాళ్ళు కళలకని ఇచ్చే డబ్బు ఎవరికివ్వాలో వెతకడం ఇతని ఉద్యోగం. మంచివాడే గానీ, పైనుంచి రోజూ ఫోన్లొచ్చి వచ్చి మనిషి నలిగిపోయి ఉన్నాడు.

"షెడ్డే కదండీ? తప్పకుండా ఇస్తాం" అన్నాడు. "బొమ్మలేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారు?"

"పదకొండు మందిమి బాబూ!" అన్నాడు సింహాద్రి ఛాతీ విరుచుకుని.

రత్నరాజు ముఖం వాడిపోయింది. "అయ్యో, అంతమంది ఉంటే ఎలాగండీ? మాది చచ్చిపోతున్న కళలకి ఇచ్చే సొమ్ము. మీరు చూస్తే నిక్షేపంగా ఉన్నారు."

"మరెంతమందుంటే ఇత్తారు?"

"ఒక్కరు. చిట్టచివరి కళాకారుడు అన్నమాట. కాస్త దగ్గుతుంటే ఇంకా మంచిది."

చూశారా, ఆకలేసినవాడికి అన్నం పెట్టడానికి ముందు ప్రాణం పోయిందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే ధర్మాత్ములు వీళ్ళు!

ఆ సాయంత్రం పదకొండు మందీ ఒడ్డున కూర్చున్నారు. మోహన్ పేరే రాయమని సింహాద్రి అన్నాడు. మోహన్ ఇంతెత్తున లేచాడు. "మీరందరూ సచ్చిపోనారని నాను సంతకం పెట్టాలేటి? నావల్ల కాదు." మిగతావాళ్ళలోనూ ఆయన పేరే ఎందుకు, నాదెందుకు కాకూడదని గొణుగుడు మొదలైంది. వలలు సర్దుకుంటున్న ముసలి పాపాయమ్మ విసుక్కుంది.

"దీనికేటిరా ఇంత గొడవ? వాటాలేసీసుకోండి."

పేటలో చేపల కుప్పలు పంచుకోవాలన్నా, ముందు ఎవరు వల వెయ్యాలన్నా తీర్పు అదే. తలా ఒక వస్తువు బుట్టలో వేస్తారు. ఎవరిది ఏదో చూడనివాళ్ళు చెయ్యి పెట్టి తీస్తారు. వచ్చిన వాటాని కాదనే మొనగాడు ఇంతవరకు పుట్టలేదు, కాదంటే మర్నాడు వాడిని బోటెక్కించుకునేవాడుండడు. ఒకడు గవ్వ వేశాడు, ఒకడు బీడీ కట్ట దారం వేశాడు, సింహాద్రి జేబులో ఉన్న సోడా మూత వేశాడు. అటు తిరిగి కూర్చున్న పాపాయమ్మ చెయ్యి పెట్టి తీసింది.

సోడా మూత.

"ఓలమ్మో, మన వంకాయికొచ్చినాది!" అన్నారెవరో. ఒడ్డంతా ఒకటే నవ్వు. సింహాద్రికి భూమిలోకి దిగిపోవాలనిపించింది. మోహన్ మాత్రం అతని భుజం తట్టాడు. "రానీరా. గంగమ్మ ఇచ్చిన వాటా. మనకి షెడ్డు ముక్కెం."

కళని పరీక్షించడానికి హైదరాబాదు నుంచి శ్రీరామ్మూర్తి అనే నిపుణుడు వచ్చాడు. ఖద్దరు లాల్చీ, భుజాన గుడ్డసంచీ, ముఖంలో ఎవరో పోయినంత విచారం. ఆయన వచ్చిన రోజు పదిమంది పెయింటర్లూ పుట్టి బుద్ధెరిగి కుంచె ముట్టనట్టు వలలు ముందేసుకుని కూర్చున్నారు. సింహాద్రి ఒక చేప వేశాడు. ఎప్పటిలాగే వంకాయ. వెనక కూర్చున్నవాళ్ళు నవ్వాపుకోలేక తువాళ్ళు నోట్లో కుక్కుకున్నారు.

శ్రీరామ్మూర్తి వంగి చూశాడు. కళ్ళజోడు తీసి చూశాడు. "ఇది చేప కాదు" అన్నాడు.

అయిపోయింది, షెడ్డు పోయింది అనుకున్నాడు సింహాద్రి.

"ఇది చేప పుట్టకముందు సముద్రానికి వచ్చిన ఆలోచన" అన్నాడాయన. "ఎంత ఆదిమమైన రేఖ! రత్నరాజుగారూ, ఫొటో తీశారా?" తర్వాత అటు పక్క ఒడ్డున మోహన్ బొమ్మలేసిన బోట్లకేసి చూసి పెదవి విరిచాడు. "ఆ క్యాలెండరు బొమ్మలు ఎవరు వేశారో గానీ, అలాంటివాళ్ళే సంప్రదాయాన్ని చంపేశారు."

మోహన్ తల ఎత్తలేదు. చేతిలో వల కన్ను దగ్గర మాత్రం తప్పు ముడి పడింది.

షెడ్డు మంజూరైంది, అయితే ఒక షరతు మీద. ఈ మహాకళ సింహాద్రిగారితో అంతరించిపోకూడదు కాబట్టి, ఆయన పదిమందిని తయారుచెయ్యాలి. వాళ్ళు పరీక్ష పాసై సర్టిఫికెట్లు తీసుకోవాలి. పదిమందిని ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆ పదిమందే శిష్యులుగా పేర్లు రాయించుకున్నారు. మొదటి వరసలో మోహన్.

"బాగుందిరా సంబడం! మీ బావని నీకాడ బళ్ళో ఏసేవేటి?" అని సూర్యకళ తమ్ముడికి అన్నం పెడుతూ అడిగింది. ఆమె నవ్వుతోందో తిడుతోందో తెలీక సింహాద్రి ముద్ద మింగలేకపోయాడు.

వంకాయలు వెయ్యడం మిగతావాళ్ళకి ఇట్టే పట్టుబడింది. చెడగొట్టడం ఎంతసేపు? మోహన్‌కే రాలేదు. పాపం ఆయన మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు, షెడ్డు కోసం. పొట్ట లావుగానే మొదలెట్టేవాడు. మెడ దగ్గరికి వచ్చేసరికి మొప్ప తెరుచుకునేది, వీపు మీద ముల్లు లేచేది, కన్ను చూసేది.

"పొట్ట ఇంకాస్త సెడగొట్టు బావా" అనేవాడు సింహాద్రి, ఆ మాట అనలేక అనలేక.

"సెడగొడదావనే సూత్తన్నాన్రా. సెయ్యి ఇనటం నేదు."

పరీక్షనాడు శ్రీరామ్మూర్తి ఒక్కొక్కరి చేపనీ చూసి మెచ్చుకుంటూ వచ్చి, మోహన్ దగ్గర ఆగాడు. మోహన్ అట్ట మీద ఒక కానాగంత చేప ఈదుతోంది. ఎంత అణిచిపెట్టినా వచ్చేసింది, ఏం చేస్తాడు మరి. నిపుణుడు జాలిగా నిట్టూర్చాడు. "ఈయన చెయ్యి బజారుకి అలవాటుపడిపోయింది. వయసైపోయింది కూడా. ఇంక రాదు. ఈయన తప్పారు."

మోహన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో తన్నులు తిన్న పిల్లాడిలా కూర్చున్నాడు. సింహాద్రి ఇంక తట్టుకోలేకపోయాడు. షెడ్డు పోతే పోనీ, పేట మొత్తం తన్నితే తన్ననీ.

"సారూ, నాను మోసం సేసినాను" అన్నాడు లేచి. "ఈయన నాకు గురువు. ఈలందరూ పెయింటర్లే. అందరికన్న సెత్తగా ఏసీవోణ్ణి నాను. వాటాలేత్తే నా మూత వొచ్చినాది, అంతే. నాది చేప కాదు సారూ, వంకాయి. మా బావ ఏసిందే చేప!"

రత్నరాజు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. శ్రీరామ్మూర్తి కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

"విన్నారా? తన విద్యనంతా తప్పిన శిష్యుడి పాదాల దగ్గర పెట్టేస్తున్నాడు. ఇంత వినయం నేను ఎక్కడా చూడలేదు! పైగా ఈయన్ని ఎన్నుకున్నది మనుషులు కాదు, వాటా! దైవ నిర్ణయం! రత్నరాజుగారూ, ఇది కూడా రాసుకోండి."

నిజం చెప్పడానికి ఇంత ధైర్యం తెచ్చుకున్నవాడికి నిజం కాస్తా బిరుదై మెడలో పడితే ఎలా ఉంటుందో సింహాద్రిని అడగాలి. మోహన్ లేచి, కుంచె తుడుచుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సింహాద్రితో మాట్లాడటం మానేశాడు. వీధిలో ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు. చావగొట్టినా బాగుండేదని సింహాద్రి అక్క దగ్గర ఏడ్చాడు.

పదిమందిలో ఒకరు తప్పినా షెడ్డు మాత్రం నిజంగానే వచ్చింది. తళతళలాడే రేకులు, సిమెంటు నేల, గుమ్మం దగ్గర బోర్డు. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే లోపలికి రావాలి, సంప్రదాయ శైలిలోనే వెయ్యాలి, కాదంటే తాళం పడుతుంది. చూడటానికి కెమెరా. ముఖద్వారం మీద ఈ చివర నుంచి ఆ చివరికి ఒక ఫ్లెక్సు. దాని మీద శాలువా కప్పుకున్న సింహాద్రి, పక్కన "చిట్టచివరి మహాకళాకారుడు" అని అడుగెత్తు అక్షరాలు.

ఒక్క బోటు లోపలికి వస్తే ఒట్టు. "వంకాయిలు పట్టడానికి సముద్దరంలోకి ఎల్తావేటి?" అంది ఈశ్వరి. బోట్లన్నీ షెడ్డు బయటే ఇసకలో బారులు తీరాయి. సర్టిఫికెట్లున్న తొమ్మిదిమందీ బయటే కూర్చుని మామూలు చేపలు వేసుకుంటున్నారు. కెమెరా ఖాళీ నేలని కన్నార్పకుండా కాపలా కాస్తోంది. వేటకి వెళ్ళే రోజు దగ్గర పడింది. ఫౌండేషన్‌కి ఫొటోలు పంపాలని రత్నరాజు సింహాద్రికి శాలువా కప్పి షెడ్డులో నిలబెట్టాడు.

అప్పుడే డాల్ఫిన్స్ నోస్ కొండ మీంచి మబ్బు దిగింది. బయట ఈశ్వరి బోటు మీద మోహన్ గంగమ్మ తల్లికి కళ్ళు దిద్దుతున్నాడు. మొదటి చినుకులు పడ్డాయి. మోహన్ పైకి చూడలేదు. చొక్కా విప్పి బొమ్మ మీద పట్టి, అది చాలక తనే ఒంగి, వీపు అడ్డం పెట్టాడు. అరవయ్యేళ్ళ మనిషి, ఎముకల వీపు, అదెంత వానని ఆపుతుంది! ఎంతో డబ్బు పోసి వేసిన రేకుల కింద, ఒక్క చుక్క తడవకుండా, సింహాద్రి నిలబడి అది చూశాడు. తన మీద తనకే అసహ్యమేసింది.

శాలువా విసిరేసి గోడెక్కాడు. ఫ్లెక్సు తాళ్ళు పళ్ళతో కొరికేశాడు.

"గురువుగారూ! అది ఫౌండేషన్‌దండీ! ఫొటో..." అని రత్నరాజు అరిచాడు.

"ఫొటో తరవాత బాబూ, బేగి ఆ మూల అట్టుకో!"

రత్నరాజు ఒక్క క్షణం కెమెరాకేసి చూశాడు, తర్వాత బూట్లు విప్పేసి వానలోకి దూకాడు. తొమ్మిదిమంది శిష్యులూ తలో అంచూ అందుకున్నారు. మహాకళాకారుడి ముఖం ఆకాశంకేసి తిరిగి, ఈశ్వరి బోటు మీద పందిరిలా పరుచుకుంది. వాన ఆ ముఖం మీద దబదబ కొడుతోంది. దాని కింద మోహన్ నడుం నిలబెట్టుకుని, చెయ్యి తుడుచుకుని, మళ్ళీ కుంచె పట్టాడు. పక్కన ఎవరున్నారో చూడకుండా, ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి నోరు విప్పాడు.

"ఒరే సింహాద్రీ, ఆ మూల కొంచిం ఎత్తరా. నీ మీసంకాడ నుండి నీళ్ళు కారతన్నాయి."

సింహాద్రి ఏడుస్తూనే ఎత్తి పట్టుకున్నాడు.